సదాశివగారు చూసి వస్తారు

ఎవరేం చెప్పినా సదాశివగారు నమ్మరు. స్వయంగా వెళ్ళి చూసి రావాల్సిందే. మొదట పత్రికలో విలేకరిగా, తర్వాత నగరం మీద పుస్తకాలు రాసే రచయితగా ఆయన బతుకంతా ఈ చూసి రావడంతోనే గడిచింది. ఆయన దగ్గర పని నేర్చుకున్న నాకు చెప్పులు ఒక్క ఏడాదీ నిలవలేదు.

"బయట వాన సార్" అంటే, "నువ్వు తడిసినవా మృదులా?" అనేవారు. నేను పొడిగా కనిపిస్తే తనే ఆబిడ్స్ రోడ్డు మీదికి వెళ్ళి, ముద్దగా తడిసి వచ్చి, "ఔ, నిజమే" అని తృప్తిగా తుమ్మేవారు.

ఒకసారి కాచిగూడలో ఓ రిటైర్డ్ హెడ్మాస్టర్ పోయారని ఫోన్ వచ్చింది. అందరూ నివాళి రాస్తుంటే, ఈయన దండ కొనుక్కుని ఇంటికే వెళ్ళారు. తలుపు తీసింది హెడ్మాస్టరే!

"ఏంది సదాశివా, దండ తెచ్చినవ్?"

"మీకే సార్. సన్మానం."

హెడ్మాస్టర్ మురిసిపోయి చాయ్ తాగించి పంపారు. మర్నాడు ఆయన మిగతా పత్రికలన్నిటిలోనూ పోయారు, మా పత్రికలో మాత్రం నిక్షేపంగా ఉన్నారు.

నాంపల్లి లాడ్జీల మీద ఆయన పుస్తకం రావడానికి ఏళ్ళు పట్టింది. ప్రతి లాడ్జీలోనూ పడుకుని చూశారు మరి, నల్లులతో సహా. ఎట్టకేలకు ఆబిడ్స్‌లో ఆవిష్కరణ సభ పెట్టాం. ముఖ్య అతిథి వచ్చారు, జనం వచ్చారు. రచయిత రాలేదు.

"పొద్దున పేపర్ చదివిండు, అంగీ గుండీలు పెట్టుకోకుంటనే ఉరికిండు" అన్నారు ఆయన భార్య విమలమ్మగారు.

పేపర్లో ఉన్న వార్త ఇదీ: నాంపల్లి స్టేషన్ దగ్గర భాగ్య అనే ఆమె బండిమీద ఇడ్లీ తిని పిల్లలు దవాఖాన పాలయ్యారు. నేను దవాఖానకు పరుగెత్తాను. సదాశివగారు మంచం మంచం తిరుగుతూ పిల్లలు ఏం తిన్నారో అడుగుతున్నారు.

"సార్, సభలో అందరూ మీ కోసం చూస్తున్నారు!"

"సభ మళ్ళ పెట్టుకోవచ్చు. ఆమె బండిని జనం నిన్ననే బోర్లేసిన్రు. గీ పిల్లగాడు ఇడ్లీ ముట్టనే లేదంట. అందరు తిన్నది పుట్టినరోజు కేకు. పద, డాక్టర్ ఏమంటడో విందాం."

డాక్టరూ కేకే అన్నారు. మర్నాడు మా పత్రికలో ఆ సంగతి వచ్చింది. ఆ తర్వాతి రోజుకల్లా మిగతా పత్రికలు సర్దుకున్నాయి. భాగ్య మళ్ళీ పొయ్యి వెలిగించింది.

ముఖ్య అతిథి అలిగి మళ్ళీ రానన్నారు. దాంతో పుస్తకాన్ని ఇడ్లీ బండి దగ్గరే, భాగ్య చేతుల మీదుగా ఆవిష్కరించాం.

"సారూ, మీరు నన్ను నమ్మిన్రు" అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ.

"నమ్మలేదమ్మా, చూసిన" అన్నారాయన నిజాయితీగా.

ఆమె నవ్వేసింది. "గీ పుస్తకంల ఏం రాసిన్రు?"

"లాడ్జీల ముచ్చట."

"గట్లైతే గీడనే పెట్టిపోండ్రి. లాడ్జీలోళ్ళంత నా తానకే వస్తరు."

మొదటి ముద్రణ పుస్తకాల షాపుల్లో కంటే ఆ బండి మీదే ఎక్కువ అమ్ముడుపోయింది. నా ప్రతికి ఇప్పటికీ అల్లం చట్నీ వాసనే.