మట్టెవాడలో దొరికిన తెలుగు మీటల కంప్యూటర్

ఎనభైల చివరి సంగతి. ఇంట్లో టీవీకి తగిలించి వాడుకునే చిన్న కంప్యూటర్లంటే అప్పట్లో నాకు పిచ్చి. కోఠిలో రేడియో సామాన్లమ్మే ఆయన ఒకనాడు, "వరంగల్‌ల యాకూబ్ అని ఒక మెకానిక్, అసొంటిదానికి తెలుగు మీటలు పెట్టిండు సారూ. ఆయన పోయి ఏడాదైతాంది. ఇంటామె అమ్ముతదట" అన్నాడు. తెలుగు మీటలా! ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు.

సికింద్రాబాద్‌లో పొద్దున ఆరున్నరకు రైలెక్కి, తొమ్మిదిన్నర దాటాక వరంగల్‌లో దిగాను. టికెట్టు పద్దెనిమిది రూపాయలు. ఆగని ముసురు. రిక్షా ఆయన మూడు రూపాయలకు ఒప్పుకుని, "గీ వానల మట్టెవాడల ఎవలింటికి పోతానవ్ సారూ?" అన్నాడు. యాకూబ్ ఇంటికన్నాను. "మా రేడియో ఆయనే బాగుచేసేటోడు. మంచి మనిషి" అన్నాడు.

యాకూబ్ భార్య ఖాజాబీ నాకంటే పదేళ్లు పెద్దదై ఉంటుంది. నల్ల పెట్టె, మీటల మీద చేత్తో రాసిన తెలుగు అక్షరాలు, పక్కన తగిలించిన ఇంకో చిన్న డబ్బా. చూడగానే ఎనిమిది వందలిస్తానన్నాను.

"పైసలది ఫికర్ లేదు తమ్మీ. దుకాణంల రిపేరుకొచ్చిన టీవీ పెట్టుకుని, దీంట్ల నాకోసం ఏమో రాసిండు. కరెంటు పోయినా రాసింది పోదన్నడు. మనింటికి టీవీ తెచ్చినంక చూపిస్త అన్నడు. గంతల్నే దవాఖానకు పోయిండు, మళ్ల రాలే. నాకు సదువు రాదు. గది జర సదివి చెప్పి, తర్వాత తీస్కపో."

ఇంతేనా, చిటికెలో పని అనుకున్నాను. పక్కింటి టీవీ అడగడానికి ఆమె వెళ్లింది. ఊరికే కూర్చోవచ్చు కదా! స్క్రూడ్రైవర్ తీశాను. చిన్న డబ్బాలో నాలుగు టార్చి సెల్లులున్నాయి. రైల్లో కారితే బోర్డును తినేస్తాయని నాలుగూ ఊడదీసి జేబులో వేసుకున్నాను. ఆయన రాసింది చిప్పులో శాశ్వతంగా ఉండిపోయిందని నా నమ్మకం. నాకంత తెలుసు మరి!

పక్కింట్లో టీవీకి తగిలించి మీట నొక్కితే తెరమీద తెలుగులో "సిద్ధం" అని వచ్చింది. కింద ఏమీ లేదు. నాకు తెలిసినవన్నీ నొక్కి చూశాను. ఖాళీ.

"ఏం రాసిండు తమ్మీ?"

"ఏం లేదక్కా."

"ఎట్ల లేదు? నెల కాకముందే సెల్లులు మారుస్తాన. ఒక జత తీసి కొత్తయి పెట్టినంకనే రెండో జత ముట్టాలె అన్నడు. ఏడాది సంది గట్లనే చేస్తాన."

ఆయన రాసిందాన్ని ఇన్నాళ్లూ బతికించింది ఆ సెల్లులే. జేబులోంచి నాలుగూ తీసి ఆమె ముందు పెట్టాను.

"నాలుగు ఒక్కపారే తీసినవా?"

"తీసిన అక్కా."

తిట్టినా బాగుండేది. ఆ నాలుగు సెల్లులనూ మళ్లీ నా వైపే జరిపింది. తర్వాత, "తీస్కపో తమ్మీ. ఇంక సెల్లులు మార్చే పని లేదు" అంది.

మధ్యాహ్నం రైలుకు తిరిగొచ్చాను. వాన అప్పటికీ తగ్గలేదు. ఆ కంప్యూటర్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఇలాంటిది ఇంకొకటి లేదని చూసినవాళ్లంతా మెచ్చుకుంటారు, నాకు మాత్రం సిగ్గేస్తుంది. నెలకోసారి సెల్లులు మారుస్తాను, ముందు ఒక జత, తర్వాత రెండోది. లోపల ఏమీ లేదని తెలిసీ మారుస్తాను.

పాత యంత్రాల కోసం బయల్దేరే మీకు ఒక్క మాట. మూత విప్పేముందు, ఇన్నాళ్లూ దాన్ని ఎలా చూసుకున్నారో ఆ ఇంటివాళ్లను అడగండి. నేను అడిగి ఉంటే ఖాజాబీ అక్క చెప్పేదే.