ఆకుపచ్చ దారం ముడి

ఆళ్లగడ్డలో నంద్యాల రోడ్డు పక్కనున్న ముస్తఫా షెడ్డుకు బోర్డు లేదు. అక్కర్లేదు కూడా. బానెట్లు ఎత్తిన టాక్సీలు రెండో మూడో ఎప్పుడూ ముందు నిలబడి ఉంటాయి. వాటిలో ఒకదాని డ్యాష్‌బోర్డు కింది నుంచి రెండు కాళ్లు బయటికి కనిపిస్తుంటాయి. ఆ కాళ్లే ముస్తఫా. మొహం చూపిస్తే ఎవరో అనుకుంటాం గానీ కాళ్లు చూపిస్తే చెప్పేస్తామని డ్రైవర్లు పరాచికాలాడతారు.

తండ్రి హుస్సేన్ వలి పరుపులు కుట్టేవాడు. దూది మధ్య పెరిగిన పిల్లవాడికి వైర్ల మీద మనసెట్లా పోయిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. పది పాసై నంద్యాలలో ఐటీఐ చేశాడు, బండ్ల వైరింగు పని పట్టుకున్నాడు. ఇప్పుడతనికి ముప్పై ఆరు. మాట నెమ్మది, తిండి నెమ్మది, కోపం రావడం ఇంకా నెమ్మది. స్టీరింగు చేతికిస్తే మాత్రం వేరే మనిషి.

చాగలమర్రి వైపు పోయే నాలుగు వరుసల రోడ్డులో, రెండు పక్కలా సెనగ చేలు తప్ప ఏమీ లేని చోటొకటి ఉంది. అక్కడ బండి నూరు దాటగానే చేతుల్లో స్టీరింగు తేలికవుతుంది. గాలి చప్పుడు ఇంజను చప్పుడును మింగేస్తుంది. ఆ రెండు మూడు నిమిషాలు ముస్తఫాకు షెడ్డు గుర్తుండదు, నడుం నొప్పి గుర్తుండదు, తన ఒంటికి బరువున్న సంగతే గుర్తుండదు. అతనికి సొంత కారు లేదు. బాగుచేసిన ప్రతి బండినీ ‘ట్రయల్’ అని ఆ రోడ్డు మీదికి తీసుకుపోవడమే అతని సంతోషం.

పసుపు నంబరు బోర్డున్న అద్దె బండ్లకు స్పీడ్ గవర్నర్లు వచ్చిన తర్వాత ఆ సంతోషం ఎనభై దగ్గర ఆగిపోయింది. గవర్నరంటే డ్యాష్‌బోర్డు కింద బిగించే అరచేతంత పెట్టె. బండి ఎనభై అందుకోగానే ఇక ఎంత తొక్కినా ఇంజను పలకదు. పారిపోయే ఎనుముకు గుదిబండ కట్టినట్టుందని డ్రైవర్లు గోల పెట్టారు. ముస్తఫా పెట్టెను రెండు రోజులు ముందు పెట్టుకుని చూశాడు. దానికి వేగం తెలిపే వైరు ఒక్కటే. ఆ వైరు తెంపితే పెట్టె గుడ్డిదవుతుంది, బండి నిలబడే ఉందనుకుంటుంది. మీటరు ముల్లు కూడా దాంతోపాటే చచ్చిపోతుంది. ముల్లును ఎవరు చూస్తారని డ్రైవర్లు నవ్వారు.

అప్పట్నుంచి అదొక పద్ధతైపోయింది. బ్రేకు ఇన్‌స్పెక్టర్ ముందుకు ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ పరీక్షకు, పోయే ముందు రోజు వైరు కలపడం, పాసై వచ్చిన రోజు తెంపడం. నల్ల టేపుల మధ్య తెంపిన చోటు మళ్లీ దొరకడానికి ముస్తఫా అక్కడొక ఆకుపచ్చ దారం కట్టేవాడు. తల్లి సర్దార్‌బీ దర్గాకు పోయినప్పుడల్లా తెచ్చిన దారపుండ ఇంట్లో ఎప్పుడూ ఉండేది. అందులోంచి జానెడు తెంచుకుని జేబులో వేసుకోవడం అతనికి అలవాటు. మూడు చుట్లు, ఒక ముడి. ఎన్ని బండ్లకు కట్టాడో అతను లెక్కపెట్టుకోలేదు.

“రేపొచ్చే కొత్త కార్లు ఇంకా ఘోరమంట అన్నా,” అన్నాడొకరోజు మహేంద్ర అనే టాక్సీ డ్రైవరు. “రోడ్డు పక్క బోర్డు అదే చదువుకొని అదే తగ్గుతాదంట. మనం తొక్కినా వినదంట.”

“అట్లయితే డ్రైవరెందుకప్పా? సీట్లో దిష్టిబొమ్మను కూచోబెడితే చాలదా?” అన్నాడు డ్యాష్‌బోర్డు కింది నుంచే ముస్తఫా. షెడ్డంతా నవ్వింది.

ముస్తఫా కూతురు ఆర్షియాకు పదేళ్లు. నంద్యాలలో ఐదో తరగతి. ఆళ్లగడ్డ నుంచి అదే బడికి పోయే పదకొండు మంది పిల్లల కోసం తల్లిదండ్రులు కలిసి ఒక వ్యాను మాట్లాడుకున్నారు. ఈ జూన్‌లో పాత డ్రైవరు మానేస్తే, గురుస్వామి తన వ్యానుతో వచ్చాడు. అరవైకి దగ్గరపడిన మనిషి. ముప్పై ఏళ్లు బేతంచెర్ల గనుల నుంచి నాపరాళ్ల లారీ తోలాడు. లారీలు ఎక్కి దిగే ఓపిక పోయాక, ఎవరో టూర్లకు తిప్పిన తెల్ల వ్యాను కొని పసుపు రంగు వేయించుకున్నాడు. మొదటిరోజే తల్లిదండ్రులందరినీ నిలబెట్టి చెప్పాడు.

“నాకాడ బీడీ ల్యా, మందు ల్యా, ఫోను ల్యా. నా బండికి గవర్నర్ ఉండాది. నేను కాదు గదా, మా నాయన లేచొచ్చి తొక్కినా ఎనభై దాటదు.”

అందరికంటే ఎక్కువ ఊపిరి పీల్చుకున్నది ముస్తఫా భార్య రిజ్వానా. బీఎస్సీ ఫిజిక్స్ చదివి, ఇంటి దగ్గరే ట్యూషన్లు చెబుతుంది. వ్యాను పది నిమిషాలు ఆలస్యమైతే మెయిన్ రోడ్డు దాకా నడిచి వచ్చి నిలబడే తల్లి. “ఈయన మంచోడు. మన అదృష్టం కొద్దీ దొరికినాడు,” అంది ఆ రోజు.

ఆగస్టులో ఒక రాత్రి ఆర్షియా అన్నం తింటూ బడి సంగతులు చెబుతోంది. వ్యానులో వాళ్ల ఆట గురించి వచ్చింది. రోడ్డు పక్క ఒక కిలోమీటరు రాయి దాటగానే అందరూ కలిసి ఒకటి, రెండు అని లెక్కపెడతారు. ఇంకో రాయి వచ్చేసరికి ఎవరి లెక్క ఎక్కడ ఆగిందో చూసుకుంటారు.

“పోయినేడు వ్యానులో నలభై అయిదు వచ్చేది నాయనా. ఈ తాత వ్యానులో ముప్పై మూడుకే రాయి వచ్చేస్తాది. నలభై అయిదు రావాలంటే బో స్పీడుగా లెక్కపెట్టల్ల.”

“మీరే నిదానంగా లెక్కపెడతాంటారు పిచ్చిదానా,” అన్నాడు ముస్తఫా.

“మేం గడియారం చూసే లెక్కపెడతాం. ప్రవళికకు వాచీ ఉండాది.”

రిజ్వానా గిన్నె కింద పెట్టింది. ట్యూషన్ పలక తీసుకుని గంటలోని మూడువేల ఆరువందల సెకన్లను ముప్పై మూడుతో భాగించింది. నూటా తొమ్మిది. మళ్లీ చేసింది. మళ్లీ నూటా తొమ్మిదే.

“ఎనభై దాటదన్యాడే,” అంది.

“పిల్లల లెక్క అది. వదిలెయ్.”

“ఎట్ల వదిలేయాల? ఎనభైకి, నూటా తొమ్మిదికి ముప్పై తేడా అనుకుంటాండావా? బ్రేకు తొక్కితే బండి ఆగే దూరం వేగంతో పెరగదు, వేగం వర్గంతో పెరుగుతాది. దగ్గర దగ్గర రెండింతలు. ఈడ ఆగాల్సింది ఆడ ఆగుతాది. ఆ మధ్యలో ఏముంటే దాని మీదుగా పోతాది.” పలక పక్కన పెట్టేసింది. “గవర్నర్ వైరు ఆయన తెంపలా. ఆయనకు తెలీదు. కొనేముందే ఎవుడో తెంపినాడు. ఆ తెంపినోడికి పిల్లలు ఉండరేమో.”

ముస్తఫా చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. పళ్లెంలో సగం అన్నం అట్లాగే ఉంది.

తెల్ల వ్యాను. టూర్ల బండి. అట్లాంటివి ఆళ్లగడ్డ, నంద్యాల మధ్య యాభై ఉండొచ్చు. అన్నీ తన చేతి మీదుగా పోలేదు కదా అనుకున్నాడు. మళ్లీ, ఈ చుట్టుపక్కల ఆ పని చేసే వైరింగు మేస్త్రీ ఇంకెవడున్నాడని తనే వెతుక్కున్నాడు. ఒక్క పేరూ దొరకలేదు.

మర్నాడు పొద్దున వ్యాను రాగానే, నంద్యాలలో పనుందని చెప్పి గురుస్వామి పక్క సీట్లో ఎక్కాడు.

“రా అప్పా. మేస్త్రీ పక్కన కూచుంటే బండికి కూడా భయం,” అని నవ్వాడు గురుస్వామి. స్టార్ట్ చేసే ముందు కుడిచెయ్యి స్టీరింగు కిందికి పోనిచ్చి, లోపల దేన్నో తాకి, ఆ వేళ్లు కళ్లకద్దుకున్నాడు. ముస్తఫా చూశాడు గానీ అడగలేదు. మీటరు వైపు చూశాడు. ముల్లు సున్నా మీద నిద్రపోతోంది.

“మీటరు పనిచేయదా మామా?”

“లారీ మీటరు ఇరవై ఏండ్లు పనిచేయలేదు నాకు. మీటరెందుకు? యాక్సిలరేటరు మీద కాలు నేలకు ఆనించినానంటే ఎనభై. తగ్గించాలంటే కాలు తీస్తా. రెండే లెక్కలు.”

ఊరు దాటగానే గురుస్వామి కాలు నేలకు ఆనించాడు. దాచుకోకుండా, బెదురు లేకుండా. రాళ్ల లారీని నలభైలో తోలిన మనిషికి ఎనభై ఎట్లుంటుందో, నూట పది ఎట్లుంటుందో ఎక్కడ తెలుస్తుంది? కట్టు ఉందన్న నమ్మకంతో తొక్కుతున్నాడు. చేతులు నిదానంగానే ఉన్నాయి, కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. ఇన్నేళ్లలో ముస్తఫా చూసిన డ్రైవర్లందరిలోకీ జాగ్రత్తపరుడు, అందరికంటే వేగంగా పోతున్నాడు.

వెనక పిల్లలు మొదలుపెట్టారు. ముస్తఫా కూడా పెదాలు కదపకుండా లెక్కపెట్టాడు. ముప్పై ఒకటి, ముప్పై రెండు, ముప్పై మూడు. రాయి పోయింది.

స్టీరింగు తేలికైన వేగం అది. గాలి చప్పుడు ఇంజనును మింగే వేగం. చాగలమర్రి రోడ్డులో అతను ఎదురుచూసే వేగం. ఈ పొద్దు అతని కాలు తన ముందు లేని బ్రేకును తొక్కుతోంది. డివైడరు సందులో గడ్డి ట్రాక్టరొకటి దాటడానికి ఆగి ఉంది. గురుస్వామి దాన్ని దూరం నుంచే చూసి హారన్ కొట్టాడు, కాలు మాత్రం తీయలేదు. ఎనభైలో ఉన్నవాడు తీయనక్కర్లేనంత దూరం అది. ట్రాక్టరు కదలలేదు. కదిలి ఉంటే ఏమయ్యేదో రాత్రి రిజ్వానా చెప్పిన ఆ రెండింతల లెక్కే ముస్తఫాకు చూపించింది.

“మామా, శిరివెళ్ల మెట్ట కాడ పక్కకు ఆపు.”

“ఏందప్పా? కడుపు గానీ...”

“ఆపు మామా.”

వ్యాను ఆగింది. ముస్తఫా దిగి, చుట్టూ తిరిగి వచ్చి, డ్రైవరు తలుపు తీసి, డ్యాష్‌బోర్డు కిందికి తల పెట్టాడు. ఫోను లైటు వెలుగులో చూశాడు. ఆకుపచ్చ దారం. మూడు చుట్లు, ఒక ముడి. దాని మీద కుంకుమ బొట్టు. పక్కనే రెండు ఎండిన మల్లెపూలు.

“దాన్ని ముట్టాకు,” అన్నాడు పైనుంచి గురుస్వామి. “బండి కొన్నప్పుడే ఉండాది. మీ దర్గా దారమే. పాత ఓనరు యాడో మొక్కుకొని కట్టించింటాడు. రోజూ దండం పెట్టుకొని గానీ నేను సెల్ఫు కొట్టను.”

ముస్తఫా తల బయటికి తీయలేదు. కింద నుంచే చెప్పాడు. మొహం చూస్తూ చెప్పగలిగే మాట కాదది.

“ఇది మొక్కుబడి దారం కాదు మామా. నేను కట్టినా. ఈడ గవర్నర్ వైరు తెంపినా. తెంపిన చోటు మళ్లీ దొరకాలని గుర్తుకు కట్టుకున్యా. నీ బండికి గవర్నర్ ల్యా. నువ్వు రోజూ నూట పదిలో పోతాండావు.”

వ్యానులో పిల్లలు గొడవ చేస్తూనే ఉన్నారు. గురుస్వామి కాళ్లు కిందికి దిగాయి. రోడ్డు పక్క తుమ్మచెట్టు దాకా నడిచాడు, నిలబడ్డాడు, తిరిగి వచ్చాడు.

“మూన్నెల్లు,” అన్నాడు. “ఈ పదకొండు మందినీ మూన్నెల్లుగా నేను...” వ్యాను కిటికీల వైపు చూశాడు. “వాళ్లల్లో నీ కూతురు గూడా ఉండాది గదప్పా.”

“ఉండాది.”

“బయ్యన్న మనవడు ఉండాడు. లూదియా టీచర్ కొడుకులు ఇద్దరుండారు. నీ కూతురు ల్యాకుంటే ఈ పొద్దు ఎక్కేటోడివా నువ్వు?”

ముస్తఫా ఇంకా డ్యాష్‌బోర్డు కిందే ఉన్నాడు. జేబులోంచి కత్తి తీసి, రెండు కొసలూ గీకి, మెలిపెట్టి, టేపు చుట్టాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు. తెంపడానికీ అంతే పట్టి ఉంటుంది. దారం విప్పబోతే ముడి బిగిసిపోయి ఉంది, కోయాల్సి వచ్చింది. కుంకుమ వేళ్లకు అంటింది.

“అది నాకియ్యి,” అన్నాడు గురుస్వామి.

“ఏం చేస్తావు మామా?”

“నేనేం చేసుకుంటా? మూన్నెల్లు దండం పెట్టినా, అది చాలు. సాయంత్రం పిల్లోళ్ల అమ్మానాయన్లు వస్తారు గదా. అప్పుడు మళ్లీ నీ చేతికిస్తా. ఈ సంగతి నువ్వే చెప్పల్ల. నేను చెప్తే నేను తెంపినా అనుకుంటారు.”

వ్యాను కదిలింది. మీటరు ముల్లు వణికి లేచింది. నలభై, అరవై, ఎనభై. అక్కడ గోడకు తగిలినట్టు నిలబడిపోయింది. గురుస్వామి కాలు నేలకు ఆనే ఉంది, చూపు మాత్రం ఇప్పుడు నిమిషానికొకసారి ముల్లు మీదికి పోతోంది. ఇంతకుముందు లేని భయం ఆ చేతుల్లోకి వచ్చింది. ఆ భయం కూడా తను పెట్టిందేనని ముస్తఫాకు తెలుస్తోంది.

“నలభై అయిదు,” అన్నారు పిల్లలు నీరసంగా. “తాతా, ఏందిట్ల పోతాండావు?”

అంతలో వెనక నుంచి పసుపు బోర్డు కారొకటి వచ్చి, గాలితో వ్యానును ఒక ఊపు ఊపి, దాటిపోయింది. వెనక సీట్లో ఒక ఆడమనిషి ఒళ్లో చంటిబిడ్డ కనిపించి మాయమైంది. పిల్లలు ఈలలు వేశారు. ముస్తఫా మెడ చాచి నంబరు చదవబోయాడు. చదివినా లాభం లేదు, తను వైరు తెంపిన బండ్ల నంబర్లేవీ అతనికి గుర్తులేవు. జేబులో చెయ్యి పెడితే నిన్న తెంచుకున్న జానెడు దారం తగిలింది.

“నాయనా,” వెనక నుంచి ఆర్షియా భుజం తట్టింది. “బండికి ఏం చేసినావు నువ్వు?”

“ఇంటికి పోయినాక చెప్తా. మొదట మీ అమ్మకు చెప్పల్ల,” అన్నాడు. సాయంత్రం మెయిన్ రోడ్డు మీద వ్యాను కోసం చూస్తూ అందరికంటే ముందు నిలబడేది ఆమే.