పక్కింటి నిద్ర, మా ఇంటి మినప్పప్పు

ఆ రోజుల్లో నాకొక దృఢమైన విశ్వాసం ఉండేది: ఏ పనికి ఎంత సమయం పడుతుందో నిమిషాలతో సహా కాగితం మీద పెడితే, ఆ పని దానంతటదే తగ్గివస్తుందని. ఇరవై మూడేళ్ల వయసు, బైలాడిలా కొండ మీద ఇనుప గనిలో కొత్త ఉద్యోగం, కిరందుల్‌లో రెండు గదుల క్వార్టరు, చేతికి గడియారం, జేబులో డైరీ. ఇన్ని ఉన్న మనిషికి వినయం ఎక్కణ్ణుంచి వస్తుంది? అయితే ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. ఏడాది ప్రొబేషను ముగియవస్తోంది. నేను ఉండాలో, పెట్టె సర్దుకోవాలో తేల్చే రిపోర్టు రాయవలసినవారు మా ఫోర్‌మన్ గారు. కుటుంబాన్ని ఊళ్లోనే ఉంచి, ఆయన మా పక్క క్వార్టర్లో ఒక్కరే ఉండేవారు. మా వంటగదికీ ఆయన పడకగదికీ నడుమ ఒకటే గోడ. మా అమ్మది ఆయన ఊరి వైపే కావడంతో ఆమెను అక్క వరస చేసి "అప్పా" అనేవారు. ఆ వరసన నేను అల్లుణ్ణి (ఇంటి దగ్గర మాత్రమే, గని మీద ఆయన "సార్", నేను "ఒరేయ్").

మా అమ్మ విజయనగరం వైపు నుంచి కిరందుల్ పాసింజరులో నా దగ్గరికి వస్తూ తన రుబ్బురోలును కూడా తెచ్చుకుంది. రాతిని రైలెక్కించిన ఆ మనిషికి ఆ ఏడు వానాకాలంలో కుడి భుజం పట్టేసింది. పొత్రం తిప్పుతూ మూలిగేది, మూలుగుతూనే తిప్పేది. చూడలేక ఆగస్టు నెల మొదటి ఆదివారం జగదల్‌పూర్ వెళ్లి ఫుడ్ ప్రాసెసరు కొనుక్కొచ్చాను. తురుముతుంది, తరుగుతుంది, పిండి కలుపుతుంది, పప్పు రుబ్బుతుంది అని అట్టపెట్టె మీద ఉంది. లోపల పదకొండు భాగాలున్నాయి. ప్రతిదానికీ ఒక అంకె వేసి, ఏ వంటకు ఏ అంకె వాడాలో పట్టిక రాసి గోడకు అంటించాను. అమ్మ పట్టికనూ నన్నూ మార్చి మార్చి చూసి, "వొంకాయ కొయ్యడానికి ఇన్ని అంకెలేట్రా బాబూ? నా కత్తిపీటకి ఒక్క అంకే," అంది.

ఆ యంత్రం నన్ను పెట్టిన యాతన మాటల్లో చెప్పేకంటే ఆ నాటి డైరీలోని లెక్కలో చెప్పడం న్యాయం. రోలు: కడగడంతో కలిపి నలభై నిమిషాలు. యంత్రం: తిరగడం నాలుగు, మూత సరిపెట్టడం ఆరు, అంచులకు ఎగబాకిన పిండిని ఆపి ఆపి గరిటెతో కిందికి దించడం పదకొండు, విడదీసి కడిగి, తుడిచి, మళ్లీ అమర్చడం ఇరవై రెండు. వెరసి నలభై మూడు. మూడు నిమిషాల నష్టం! కూడిక తప్పిందేమోనని మళ్లీ వేశాను. తప్పలేదు. అన్నిటికన్నా ఆ మూత మహా పెంకిది. దాని నాలుక గాడిలో సరిగ్గా కూర్చుంటే తప్ప యంత్రం కదలదు. కూర్చుందని తెలిసేదెలా అంటే, యంత్రం తిరిగితే కూర్చున్నట్టు, తిరగకపోతే కూర్చోనట్టు. కరెంటు లేకపోయినా తిరగదు కదా అన్న ఆలోచన ఆ అట్టపెట్టె మీద రాసినవాడికీ రాలేదు, నాకూ రాలేదు.

దీనికి తోడు శబ్దం. గనిలో ముడిరాయి ఇనుప తొట్టిలోకి జారినప్పుడు వచ్చే అరుపు అది. మా కాలనీలో ఒక ఆచారం ఉండేది: వాకిలి గొళ్లానికి హెల్మెట్ తగిలించి ఉందంటే, లోపల రాత్రి షిఫ్టు మనిషి నిద్రపోతున్నాడని అర్థం. ఆ గుర్తు చూస్తే గీదం నుంచి వచ్చే కూరగాయల ఆమె కూడా, "ఏందమ్మా, టోపీ పెట్టిండు? నేను ధీరే బోల్తలే," అని గుసగుసగా టమాటాలు అమ్మేది. ఆ వానాకాలమంతా ఫోర్‌మన్ గారిది రాత్రి షిఫ్టే. పొద్దున్న ఆరున్నరకు ఇల్లు చేరి, ఏడున్నరకు హెల్మెట్ తగిలించి, ఒంటిగంటకు తీసేవారు. ఆ మధ్య మా వంటగదిలో చెంచా కూడా మోగకూడదని నేను రెండో కాగితం అంటించాను. యంత్రాన్నే కాదు, రోలును కూడా నిషేధించాను.

ఇంత చేసినా ఆయన నా మీద కారాలు మిరియాలు నూరడం మొదలుపెట్టారు. తెల్లవారి ఆరు గంటలకు నేను షిఫ్టు అందుకునే వేళకు ఆయన కళ్లు చింతనిప్పుల్లా ఉండేవి. "లాగ్‌బుక్కులో ఇది ఆరా, ఏడా? ఇలాగైతే నీ రిపోర్టులో ఏటి రాయమంతావు?" అనేవారు. రిపోర్టుకు ఇంక రెండు వారాలే గడువు. ఆయనకు గారెలు ఇష్టమని తెలిసి, నాకు సెలవైన ఆదివారం మధ్యాహ్నం భోజనానికి పిలిచాను.

ఆ ఆదివారం పథకం పకడ్బందీగా వేశాను. ఆరు ముప్పై అయిదుకు రుబ్బడం మొదలు, ఏడూ పదిహేనుకు ముగింపు. మొదలుపెట్టాను; యంత్రం కదల్లేదు. మూత తీసి పెట్టాను, పెట్టి తీశాను, పదకొండు భాగాలూ విప్పి అంకెల ప్రకారం మళ్లీ బిగించాను. ముప్పావుగంట గడిచాక, ఇంతసేపూ తలుపుకు ఆనుకుని చూస్తున్న అమ్మ, "లైటు కూడా ఎలగట్లేదురా," అంది. నేను నీరసించి కూలబడ్డాను. స్విచ్చి కట్టేయాలన్న స్పృహ లేదు. పక్కింటి గొళ్లానికి హెల్మెట్ ఎక్కింది.

ఎనిమిదీ ఇరవైకి కరెంటు వచ్చింది. మూత, నేను అడిగినప్పుడు ఎన్నడూ కూర్చోని మూత, ఆ క్షణాన భేషుగ్గా కూర్చుని ఉంది. యంత్రం కీచుమని అరుస్తూ గట్టు మీద నడుచుకుంటూ పోయి స్టీలు కంచాల దొంతరను గుద్దింది. కంచాలు ఒక్కొక్కటిగా నేలకు దిగాయి. నేను పరుగెత్తి ముందు పట్టిక చూశాను (ఆపడం ఎలాగో అందులో రాయలేదు). ప్లగ్గు పీకింది అమ్మ.

తలుపు చప్పుడైంది. ఎదుట లుంగీతో, చేతిలో హెల్మెట్‌తో ఫోర్‌మన్ గారు. నా ఉద్యోగం అక్కడితో సరి అనుకున్నాను.

"ఏట్రా అల్లుడూ, వొంటింట్లో బ్లాస్టింగ్ పెట్టినావా?" అంటూ వచ్చి పీట మీద కూలబడి, అమ్మవైపు తిరిగారు. "అప్పా, నీ రోలు ఏటైపోనాది? నువ్వు రుబ్బుతా ఉంతే గోడవతల గరగరమని ఇనబడీది, మా అమ్మ రుబ్బినట్టే. ఆ సప్పుడికే నిద్దరొచ్చీసీది. నెల్రోజులై సడీసప్పుడూ లేదు. కళ్లు మూస్తే సాలు, గనిలో మెషీన్లే ఇనబడతన్నాయి. ఒక్క పగలు నిద్దరుంతే ఒట్టు!"

"ఈడే ఆపించీసినాడు తమ్ముడూ," అంది అమ్మ, రెండో కాగితం వైపు వేలు చూపించి. "నీ నిద్దర కోసమే."

ఆయన ఆ కాగితం మొత్తం చదివి, నా వైపు తిరిగారు. "అప్పకి బుజం నొప్పి గదా. నువ్వు రుబ్బు. నాను పడుకుంతాను," అని వెళ్లిపోయారు.

కూర్చుని రుబ్బాను. "నీళ్లు పొయ్యకు. గడియారం కాదు, పొత్రం సూడు," అని అమ్మ అజమాయిషీ. పది నిమిషాలకు గోడవతల గురక అందుకుంది. నేను చెయ్యి మార్చుకోవడానికి ఆగితే గురక కూడా ఆగేది, తిప్పితే సాగేది. పప్పు వెన్నలా అయిపోయింది, తీసేశాం. అయినా ఆపే ధైర్యం ఎక్కడిది? ఉత్త రోలు తిప్పితే రాళ్ల చప్పుడు మారి గురక తడబడింది. అమ్మ గబగబా మర్నాటి అట్ల బియ్యం నానినంత మటుకు వేసింది. అవి నలిగాక శనగపప్పు. ఒంటిగంట వరకు, కాబోయే పర్మినెంటు ఉద్యోగి చెమటలు కక్కుతూ పై అధికారిని నిద్రపుచ్చుతూనే ఉన్నాడు.

ఆయన తేటపడిన కళ్లతో వచ్చి పద్నాలుగు గారెలు తిన్నారు. రిపోర్టు మాట ఎత్తలేదు. పదిహేడు రోజులకు పర్మినెంటు కాగితం నా చేతికొచ్చింది. అది నా లాగ్‌బుక్కు శుభ్రతకు దక్కిన గౌరవమని నేను. "మావోడు పప్పు రుబ్బితే పర్మినెంటు సేసినారు," అని వరుసలోని ఆరిళ్లకూ, ఊళ్లోని చుట్టాలందరికీ అమ్మ. ఎన్నో ఏళ్లు ఈ విషయమై ఆమెతో ఆధారాలతో సహా వాదించాను.

ఇప్పుడు అలాంటి రిపోర్టులు రాసేది నేనే. ఒక కుర్రాడి గురించి కటువుగా రాయడానికి కలం ఎత్తినప్పుడల్లా, రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టిందా అని ఒకసారి ఆలోచించుకుంటాను. పట్టలేదనిపిస్తే కలం మూసి కాగితం మర్నాటికి పెడతాను. ఈ సంగతి అమ్మకు ఇంతవరకూ చెప్పలేదు. చెబితే, గెలిచానంటుంది.