అమ్మ తులసికి నేను కొట్టిన పెట్టె

దేవుడు నాకు చేతులు రెండు ఇచ్చాడు గానీ వాటితో ఏం చేసుకోవాలో చెప్పి పంపలేదు. మా నాయన గుళ్లో పూలమాలలు కట్టేవాడు. ఆయన వేళ్ల మధ్య అరటినార పాములా పరుగెత్తేది. నేను తిరుపతిలో ఒక ఆఫీసులో కాగితాలకు దారం గుచ్చే ఉద్యోగం దగ్గర ఆగిపోయాను. అందులోనూ సూది కాగితంలోకన్నా నా వేల్లోనే ఎక్కువగా దిగేది.

నాయన పోయాక, వడమాలపేట దగ్గరి పల్లెలో గుడి తరఫున మాకిచ్చిన ఇల్లు ఆ సేవకు కొత్తగా వచ్చినాయనకు పోయింది. అది న్యాయమే. అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. ఎనభైలు మొదలైన రోజులవి. మేం మేడ మీద రెండు గదుల వాటాలో అద్దెకుండేవాళ్లం, గదుల ముందు కాస్త ఖాళీ మిద్దె. మట్టి అన్నది చూడాలంటే మెట్లు దిగాలి. అమ్మ వస్తూ వస్తూ ఒక చెంబులో తులసి మొలకను తెచ్చుకుంది. ఇటుకలతో కట్టిన తులసికోటను చెంబులో తేలేం కదా, అది అక్కడే ఉండిపోయింది.

పొద్దున్నే తలకు పోసుకుని, తులసికి నీళ్లు పోసి, చుట్టూ తిరిగి దండం పెట్టుకుంటేనే అమ్మకు కాఫీ. అంతవరకూ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదు. పెళ్లయి కాపురానికి వచ్చిన నాటి నుంచీ అదే నియమం. కాబట్టి తులసి లేని ఇల్లంటే అమ్మకు కాఫీ లేని ఇల్లు.

మట్టి కుండీ కొని తెచ్చాను. తిరుపతి కోతులకు కుండీ అంటే ఎందుకంత పగో తెలియదు, మూడో రోజే తోసి పగలగొట్టాయి. ఇంకోటి తెచ్చాను. దాన్ని దొర్లించి ఆడుకుని మరీ పగలగొట్టాయి. మొలకను అమ్మ మళ్లీ చెంబులోకి మార్చి, వంటింట్లో బియ్యం డబ్బా వెనక దాచిపెట్టింది. చెంబులో తులసికి ఎండ ఉండదు, చుట్టూ తిరగడానికి చోటుండదు. అందుకని పక్కవీధిలో తులసికోట ఉన్న ఇంటికి పోవడం మొదలుపెట్టింది. ఆ ఇంటివాళ్లు మంచివాళ్లే, కాకపోతే పొద్దెక్కి లేస్తారు. ఒకరోజు పాలకు పోతూ చూశాను. తడి కొంగు భుజాన కప్పుకుని, చేతిలో నీళ్ల చెంబుతో, మూసి ఉన్న ఆ గేటు ముందు అమ్మ నిలబడి ఉంది. ఎవరో బిచ్చానికి వచ్చిందనుకున్నాను మొదట. అట్లా అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

బుద్ధున్నవాడైతే వడ్రంగిని పిలిచేవాడు. నేను లైబ్రరీకి పోయాను. అక్కడ ఒక ఇంగ్లీషు పత్రికలో బొమ్మ కనిపించింది. పాత చెక్క ముక్కలతో మోటుగా కొట్టిన పెట్టెలు, వాటి నిండా ఏవో ఆకుమొక్కలు. మోటుతనమే వాటి అందమని రాశారు. ఆ ఒక్క ముక్కతో నా జన్మ ధన్యమైపోయింది. నాకు చేతనయ్యేది మోటుపనే కదా, దానికే ఇన్నాళ్లూ జనం నన్ను తిట్టారు!

ఇంటికొచ్చి ఒక తులసి పెట్టె, మరువానికొకటి, పుదీనాకొకటి, మొత్తం మూడు చేస్తానని ప్రకటించాను. నా భార్య లోపలికి పోయి, అయోడిన్ సీసా యాడుందో చూసి, అందేచోట పెట్టుకుంది.

రేణిగుంట స్టేషను దగ్గర ఒకాయన విరిగిన పార్సిలు పెట్టెల్ని పొయ్యి కట్టెలకని అమ్మేవాడు. చెక్క యాడిదని అడిగాను. తడ పక్కనుంచి, సముద్రం దిక్కు నుంచి వచ్చిందన్నాడు. ఆయన చెప్పింది అంతే. మిగతాది నేనే కల్పించుకున్నాను. సముద్రం అంటే ఓడలు, కాబట్టి ఇది ఓడ చెక్క. ఓడ చెక్క నీళ్లకు కుళ్లదు, కాబట్టి మొక్కలకు ఇంతకన్నా మంచిది లేదు. చెక్కల మీద అక్కడక్కడ సన్నటి రేకులు తళతళమన్నాయి. ఓడకు పూసే ఏదో పైపూత అనుకున్నాను. సైకిలు వెనక కట్టుకుని ఇంటిదాకా తొక్కుకొచ్చాను. దారంతా కుక్కలు వెంటపడ్డాయి. కుక్కలకు కొత్తమనిషి అంటే కోపం మరి.

పని ఎట్లా సాగిందో చెప్పుకుంటే సిగ్గుచేటు. రంపం నేను గీసిన గీత మీద తప్ప అన్నిచోట్లా కోసింది. మేకులు కొడితే సగం వంకరపోయాయి, మిగతా సగం పక్కనుంచి బయటికొచ్చి నన్ను చూశాయి. ఒక పలక పొట్టిదైంది. దానికి సరిపోవాలని రెండోది తగ్గిస్తే అది ఇంకా పొట్టిదైంది. మూడు పెట్టెలన్నది రెండైంది, రెండన్నది ఒకటైంది. ఆ ఒక్కటీ కూడా నాలుగు మూలల మీద ఎప్పుడూ నిలబడలేదు. కింద రాయి పెట్టాల్సి వచ్చింది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారే, నాకు ఆ కోతి కూడా సరిగ్గా రాలేదు. భార్య చుట్టూ తిరిగి చూసి, పెట్టె కొంచెం తాగినట్టుందని అంది. మోటుతనమే దాని అందమని చెప్పాను.

అడుగున సందులు వదిలి, మట్టి నింపి, మిద్దె నడుమ పెట్టాం. అమ్మ తులసిని నాటి, నీళ్లు పోసి, చుట్టూ తిరిగి, లోపలికొచ్చి కాఫీ అడిగింది. తాగుతూ, పెట్టె బాగుండాదని అంది. బళ్లో కూడా నన్నెవరూ అట్లా మెచ్చుకోలేదు. ఆ రోజు ఆఫీసులో కనిపించిన ప్రతివాడికీ ఓడ చెక్క గురించి చెప్పాను.

నాలుగు రోజులకు వాసన మొదలైంది. నీళ్లు పోసినప్పుడూ, ఎండ ఎక్కినప్పుడూ గుప్పుమనేది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మాది ఏడు తరాలుగా ఉల్లిపాయ కూడా గడప దాటి రాని ఇల్లు. ముగ్గురం ముక్కులెగరేసి పీల్చినా అదేం వాసనో ఒక్కరికీ తెలియలేదు. ఎలుక చచ్చిందేమోనని భార్య మూలమూలా వెతికింది. నేను నవ్వి, అది సముద్రపు ఉప్పుగాలి వాసనని, ఓడ చెక్కకు అది సహజమని వివరించాను. తెలియని సంగతిని వివరించడంలో నాకు మొదటినుంచీ మంచి నేర్పు ఉంది.

తరువాత పిల్లులొచ్చాయి. ముందు ఒకటి, ఆపైన వీధిలోవన్నీ. పెట్టె చుట్టూ చేరి, కళ్లు మూసుకుని కూర్చునేవి. అమ్మ వాటిని చూసి పొంగిపోయింది. పోయిన జన్మలో ఏం పుణ్యం చేసుకున్నాయో, తులసిని వదిలి పోవడం లేదని వాటికి పెరుగన్నం పెట్టేది. వాటి భయానికి కోతులు కూడా దూరంగా ఉండేవి. తులసి అయితే నేను ఎన్నడూ చూడనంత గుబురుగా పెరిగింది. ఇదంతా పెట్టె మహిమేనని నేను గట్టిగా నమ్మాను. నిజానికి ఆ మాట తప్పు కూడా కాదు.

కొన్ని నెలలు అట్లా గడిచాక, ఒక మధ్యాహ్నం కింద వాటాలోని ఇంటావిడ పైకొచ్చింది. రైతు కుటుంబం, పెద్దమనసు. అమ్మ పక్కన చాప మీద కూర్చుని, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది. సెలవురోజు కాబట్టి నేను లోపల గదిలో ఉన్నాను.

"నేనెవురికీ సెప్పను లేమ్మా. నోటికి రుచి అంటే ఎవురికైనా ఉంటాది. వండేటప్పుడు మాత్రం రోంత తలుపు మూసుకోండి, వీధిలో నలుగురూ నాలుగు రకాలు."

ఏం వండేటప్పుడని అమ్మ అడిగింది.

"ఎండుచేపలు."

నేను బయటికొచ్చి, మా ఇంట్లో అట్లాంటివి లేవని, ఆ వాసన ఓడ చెక్కదని, చెప్పగలిగినంత గట్టిగా చెప్పాను. ఆవిడ లేచి పెట్టె దగ్గరికి పోయింది, వంగి వాసన చూసింది, పలక మీది తళతళలాడే రేకునొకదాన్ని గోటితో గీకి నా అరచేతిలో పెట్టింది. అది చేప పొలుసు. తడ దిక్కునుంచి ఎండుచేపలు వచ్చేది ఇట్లాంటి పెట్టెల్లోనేనని చెప్పి, పాపం ఆవిడ నవ్వాపుకోలేక కిందికి వెళ్లిపోయింది.

అమ్మ ఆ మధ్యాహ్నం మళ్లీ తలకు పోసుకుంది. రాత్రి అన్నం తినలేదు. రేపటినుంచి మళ్లీ ఆ గేటు ముందు నిలబడుతుందని నాకు తెలిసిపోయింది. ఏదో ఒకటి చెప్పాలి కదా, స్వామి మొదట ఎత్తింది మత్స్యావతారమే గదమ్మా అన్నాను. నీ పురాణం నువ్వే విను, నన్ను వదిలిపెట్టు అంది. భార్య నా వైపు చూసిన చూపులో ఇంకా చాలా ఉన్నాయి, అవి రాయడం నా ఆరోగ్యానికి మంచిది కాదు.

మర్నాడు తెల్లవారకముందే లేచాను. కింది ఇంటావిడ దగ్గర పాత మట్టికుండ ఒకటి అడిగి తెచ్చి, తవ్వుకోల పట్టుకుని మిద్దె మీదికి పోయాను. తులసిని కుండలోకి మార్చి, ఆ దరిద్రపు పెట్టెను పొయ్యిలో పెట్టేద్దామని. అమ్మ అప్పటికే స్నానం చేసి, పెట్టె ముందు కూర్చుని ఉంది. రాత్రంతా ఏడ్చినట్టు కళ్లు వాచి ఉన్నాయి. నా చేతిలోని కుండను చూసింది.

"దాన్ని పెరకొద్దురా," అంది. "ఈడ వేరు పట్టుకునింది. ఉన్నచోటు నుంచి పెరికి తెచ్చి ఇంకోచోట పెడితే ఎట్లుంటాదో నీకు తెలీదు. నాకు తెలుసు."

అమ్మ వచ్చి ఏడాది దాటుతున్నా, ఇక్కడ ఎట్లుందమ్మా అని నేను ఒక్కసారి కూడా అడగలేదు.

అమ్మ లేచి, చెంబెడు నీళ్లు తులసి మొదట్లో పోసింది. వాసన గుప్పున లేచింది. ముక్కు మూసుకోకుండా, మూడుసార్లు మెల్లగా చుట్టూ తిరిగింది.