మేయరు కుర్చీలో దెయొలిందా

రొట్టెలు కాల్చే దెయొలిందా నోటికి వల్‌సేరా ఊరంతా హడల్. తమ మున్సిపాలిటీని రద్దుచేసి కొండ కింది ఫొంటెలాలో కలిపేసిన నాటి నుంచీ, ఆ ఊరివాళ్లకు ఆమె మొక్కజొన్న రొట్టె ముక్కయినా అమ్మలేదు.

మూడేళ్లకు మున్సిపాలిటీ తిరిగొచ్చింది. అప్పట్లో ఫొంటెలాకు పట్టుకుపోయిన మేయరు కుర్చీ ఎడ్లబండిలో తిరిగి వచ్చింది. జనం సంతోషం పట్టలేక ఎడ్లను విప్పేసి, కుర్చీలో దెయొలిందాను కూర్చోబెట్టి, తామే బండిని ఊరంతా తిప్పారు. తిప్పి తిప్పి కొండ వాలు మీదికి తెచ్చారు. బండి పట్టు తప్పేసరికి లాగేవాళ్లు పక్కకు దూకారు. బండి మాత్రం పరుగందుకుని, తిన్నగా ఫొంటెలా నడిబజారులో ఆగింది!

వైన్ కొట్టు జెఫెరీనో పగలబడి నవ్వాడు. "ఏంటే దెయొలిందా, అప్పుడే తిరిగిచ్చేస్తున్నారా?"

ఆమె కుర్చీ దిగలేదు. "ఇవ్వడానికా? మీ ఊరిని మాలో కలిపేసుకోడానికొచ్చా! ముందు వైన్ పొయ్యరా. రేపట్నుంచి మీకూ రొట్టెలమ్ముతా!"