పిల్లలు లేని కాలేజీ

పోయిన వారం మా వెనక వీధి దంపతులు, ఇంటర్ పూర్తిచేసిన వాళ్ళబ్బాయిని ఎక్కడ చేర్చాలో అడుగుదామని మా ఇంటికి వచ్చారు. హిందూపురంలో బ్యాంకు ఉద్యోగం నుంచి నేను రిటైరై చాలా ఏళ్ళయినా, పిల్లల చదువుల అప్పు కాగితాలు జీవితమంతా చూసిన మనిషినని ఈ చుట్టుపక్కల తల్లిదండ్రులు ఇప్పటికీ ఫైళ్ళు పట్టుకుని వస్తూనే ఉంటారు. ఆయన ఒక కాలేజీవాళ్ళ నున్నటి రంగుల పుస్తకం నా చేతిలో పెట్టి ఫీజుల పేజీ చూడమన్నాడు. నా చెయ్యి మాత్రం దానంతటదే ఫోటోల పేజీకి పోయింది. ఫోటోల్లో పిల్లలున్నారా లేదా అని చూశాను. ఉన్నారు. కానీ అందరూ ఒకేలాగా నవ్వుతున్నారే అని మళ్ళీ ఇంకో అనుమానం. డబ్బు కట్టకముందు ఒకసారి పోయి కళ్ళారా చూసి రండి అన్నాను. వీడియో కాల్‌లో అంతా చూపించారు మేడం అన్నాడాయన, కాస్త జాలిగా. వాళ్ళు వెళ్ళిపోయాక చాలాసేపు మా అవ్వే గుర్తొచ్చింది.

మాది పరిగి దగ్గర పల్లె. నాయనకు బోరు కింద కొంచెం మల్బరీ తోట, మిగిలినదంతా వానను నమ్ముకున్న చెనక్కాయ చేను. ఇంట్లో నడిమింటి నిండా పట్టుపురుగుల తట్టలుండేవి, అవి ఆకు తినే చప్పుడు సన్నటి వాన కురుస్తున్నట్టు వినిపించేది, ఆ చప్పుడులోనే నేను చదువుకున్నాను, అవి అల్లిన పట్టుగూళ్ళు హిందూపురం మార్కెట్టులో అమ్మిన డబ్బుతోనే నా పుస్తకాలు వచ్చేవి. అంతకుముందు మా ఇంట్లో ఆడపిల్ల ఎవరూ పది దాటలేదు. నేను ఇంటర్ పాసైన రోజు నాయన తోటలోకి పోయి సాయంత్రం దాకా రాలేదు, అది సంతోషమో దిగులో అమ్మకు కూడా అర్థం కాలేదు.

నన్ను టీచరును చెయ్యాలని నాయన కోరిక. దానికి ట్రైనింగు కావాలి. ట్రైనింగు సీటు ఎట్లా వస్తుందో, ఎంతవుతుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసినవాడు ఒక్కడే, మా మామ. అమ్మకు తమ్ముడు, పెనుకొండలో ఒక ఆఫీసులో గుమాస్తా. నాకు అక్షరాలు దిద్దించింది ఆయన, మొదటి నిఘంటువు కొనిపెట్టింది ఆయన, ఇంగ్లీషు పేపరు చదవమని పాత పేపర్లు కట్టగట్టి బస్సులో మోసుకొచ్చింది ఆయన. అటువంటి మామ ఒక ఆదివారం ఒక మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. ధర్మవరంలో చీరల వ్యాపారంలో ఉన్నాడట, దానితోపాటు పిల్లలకు కాలేజీ సీట్లు ఇప్పిస్తాడట. ధర్మవరం అవతల కొత్తగా ఒక ట్రైనింగు కాలేజీ వచ్చిందనీ, నెల దాటితే సీట్లుండవనీ, సగం ముందు కట్టి సగం చేరేటప్పుడు కడితే చాలనీ ఆయన చెప్పాడు. మెత్తగా మాట్లాడాడు, మంచి బట్టలు కట్టుకున్నాడు, నన్ను తల్లీ అని పిలిచాడు. అమ్మ లోపలినుంచి కాఫీ తెచ్చిచ్చింది.

మా అవ్వ, అంటే నాయన తల్లి, గడప పక్కన గోడకానుకుని ఆకూవక్కా నములుతూ అంతా చూస్తోంది. ఆమెకు చదువు రాదు. కానీ ఎవరు మన ఇంటికొచ్చినా వాళ్ళ మాటకంటే ముందు వాళ్ళ చేతులు చూసేది. ఆయన చూపించిన కాలేజీ ఫోటో అడిగి తీసుకుని, వెలుతురుకు పట్టి, చాలాసేపు చూసింది.

"ఏమప్పా, ఈడ పిల్లోళ్ళే కనపడరే. సదివేది ఎవురు?"

"సెలవుల్లో తీసిన ఫోటో అవ్వా అది."

"కొత్త కాలేజీ అంటివి. ఇంకా తెరవకనే సెలవులెట్లా ఇచ్చిరి?"

ఆయన నవ్వాడు. మామ కూడా నవ్వాడు. నాయన మాత్రం నవ్వలేదు గానీ, పెద్దామె మాటలు పట్టించుకోవద్దన్నట్టు చెయ్యూపాడు. వాళ్ళు పోయాక అవ్వ నాతో ఒక్కటే మాట చెప్పింది, కాఫీ నోట్లో పెట్టుకోకముందే బాగుందన్నాడు చూడు, వాడు నిజం చెప్పే మనిషి కాదు అని. నాకప్పుడు కోపం వచ్చింది. నా చదువుకు అడ్డం పడటానికే ఇట్లా వంకలు పెడుతోందనుకున్నాను.

తరువాత పది రోజులకు గూళ్ళు దిగాయి. గూళ్ళమ్మి వచ్చిన ప్రతిసారీ నాయన హిందూపురంనుంచి మాకు పూలూ, ఖారా మిక్చరు పొట్లమూ తెచ్చేవాడు. ఆ రోజు ఉత్త చేతులతో వచ్చి, ధర నిలబడలేదని చెప్పి, తల వంచుకుని అన్నం తిన్నాడు. అవ్వ ఆయన ముఖం చూసింది, అమ్మ ముఖం చూసింది, లేచి వాకిట్లోకి పోయింది. డబ్బు ధర్మవరం ఆయనకు చేరిపోయిందని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మరునాడు నాయన అంగీ జేబులోని రసీదు తీసి, అక్షరం రాకపోయినా, బొటనవేలితో అంతా తడిమింది. నోటుపుస్తకంలోంచి చించిన కాగితం అది. ముద్ర లేదు.

అక్కడినుంచి మా ఇల్లు ఇల్లులాగా లేదు. మామ ఊరికే ఒకరిని తీసుకురాడు, ఇందులో వానికీ పాలు ఉండాది అని అవ్వ అనేసింది. తోడబుట్టినవాణ్ణి అట్లా అంటే ఏ ఆడమనిషి ఓర్చుకుంటుంది? అమ్మ అవ్వతో మాట్లాడటం మానేసింది. సంగటి ముద్ద కంచంలో పెట్టి, కంచం అవ్వ ముందు చప్పుడు కాకుండా దించి పోయేది. నాయన ఇద్దరి మధ్యా ఉండలేక తోటలోనే కాలం గడిపేవాడు. పురుగులకు ఆకు వెయ్యడం ఎవరి వంతో కూడా చెప్పుకోలేక ఒక పూట వాటిని పస్తు పెట్టాం.

ఇప్పుడు చెప్పబోయేది ఇన్నేళ్ళలో ఎవరితోనూ అనలేదు. అనుమానం అంటువ్యాధి లాంటిది, అది నాకూ పట్టుకుంది. తరువాతి ఆదివారం మామ వచ్చినప్పుడు ఆయన చేతికి కొత్త గడియారం కనిపించింది. బంగారు రంగు గొలుసు, నల్లటి డయలు. గుమాస్తా జీతంతో ఇద్దరు పిల్లల్ని సాకే మనిషికి అది ఎక్కడిది? నేను ఆయనను అడిగి ఉండవచ్చు. అడిగితే చెప్పేవాడు, నా దగ్గర ఏదీ దాచే మనిషి కాదు. నేను అడగలేదు. ఆయన బస్సెక్కి పోయేదాకా ఆగి, పోయి అవ్వకు చెప్పాను.

అవ్వ రెండు రోజులు, ధర్మవరం ఆయన వదిలిపోయిన ఫోటోనే వెలుతురుకు పట్టి చూస్తూ ఉంది. మూడోరోజు పొద్దున్నే, కండ్లు చూపించుకోవాలి, పాపను తోడు తీసుకుని హిందూపురం పోతాండా అని నాయనకు చెప్పి, ఆ ఫోటో, రసీదు కొంగున కట్టుకుని నన్ను బయల్దేరదీసింది. హిందూపురంలో దిగాక ఆస్పత్రి వైపు కాక ధర్మవరం బస్సు వైపు నడిచింది. సోమందేపల్లి దాటి పెనుకొండ కొండ కనిపించగానే ముఖం అటు తిప్పుకుంది, బస్టాండులో బస్సు ఆగినంతసేపూ కొంగు తలమీదికి లాక్కుని కూర్చుంది. మామ ఎక్కడ చూస్తాడోనని నేనూ కిటికీ నుంచి పక్కకు జరిగాను. తప్పు ఎవరు చేస్తున్నారో ఆ క్షణాన నాకే తెలియలేదు.

ధర్మవరంలో ఆ ఫోటో చూపించి అడుగుతూ పోతే ఊరి అవతలికి దారి చూపించారు. భవనం నిజంగానే ఉంది. అవే మెట్లు, అవే స్తంభాలు, అదే తెల్ల సున్నం. నాకు ప్రాణం లేచొచ్చింది, చూశావా అవ్వా అనబోయాను. అంతలో పక్కనున్న రేకుల కొట్టంలోంచి తాలింపు వాసన వచ్చింది. ఆడవాళ్ళు వరసగా కూర్చుని కూరగాయలు తరుగుతున్నారు. గేటు దగ్గర కాపలా ఉన్న ముసలాయన మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"రాండవ్వా. పెండ్లికొడుకు తరపా, పెండ్లికూతురు తరపా?"

"మేము కాలేజీకొచ్చినాం."

ఆయన అవ్వ చేతిలోని ఫోటో చూశాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"మీతో నలుగురైనారు ఈ నెల్లో. ఇది కల్యాణమండపం అవ్వా. ఎవురో ఫోటో తీసుకోని పోయి మీ అట్లా వాళ్ళకు చూపిస్తాండారు. నిన్న బత్తలపల్లి నుంచి ఒకాయన వచ్చి, ఇదో, ఈ అరుగుమీదనే కూసోని ఏడ్చిపాయ."

అవ్వ ఏడవలేదు. లోపలికి పోయి గోడను అరచేత్తో ఒకసారి తాకి వచ్చింది, ఎందుకో నాకు తెలియదు. వాళ్ళు అన్నం తిని పొమ్మన్నా వినలేదు. రసీదుమీద రాసి ఉన్న చిరునామాకు పోతే ఆ గదికి తాళం వేసి ఉంది. వారం కిందటే ఖాళీ చేశాడని పక్కింటి మగ్గంమీద కూర్చున్నాయన తల ఎత్తకుండానే చెప్పాడు.

తిరుగు బస్సులో పెనుకొండలో దిగాం. మామ ఆఫీసు బయట వేపచెట్టు కింద నిలబడి, లోపలికి కబురు పంపింది అవ్వ. ఆయన నవ్వుకుంటూ వచ్చాడు, మమ్మల్ని చూసి నవ్వు ఆపాడు. అవ్వ అరవలేదు. కల్యాణమండపం సంగతి నాలుగు మాటల్లో చెప్పి, ఆయన చెయ్యి వైపు చూసింది.

"ఆ గడియారం యాడిదబ్బా?"

మామ రెండో చేత్తో గడియారం మూసుకున్నాడు. "ఆయప్ప ఇచ్చినాడత్తా. స్నేహానికి అన్నాడు. నేను వద్దంటి."

"వద్దన్నోని చేతికి ఎట్లా వచ్చ?"

ఆయన గడియారం విప్పి అవ్వ చేతిలో పెట్టాడు. ఆ తరువాత నా వైపు చూశాడు. గడియారం సంగతి అవ్వకు చెప్పింది ఎవరో ఆయనకు ఆ చూపులోనే తెలిసిపోయింది. నేను నా చెప్పులు చూసుకున్నాను.

పోయిన డబ్బు పోయింది. ఆ ఏడాది నేను చదువు మానేయాల్సిందే. కానీ అంత అనుమానపు అవ్వే నన్ను హిందూపురం డిగ్రీ కాలేజీకి తీసుకుపోయింది, ఒక పూటంతా వరండాలో కూర్చుని, వచ్చే పోయే ఆడపిల్లలను ఏ ఊరు, ఎవరి బిడ్డ, పాఠం చెప్తారా లేదా అని అడిగి, తృప్తిపడ్డాకే లోపలికి పోనిచ్చింది. స్కాలర్‌షిప్ సంగతి చెప్పిన లెక్చరరును కూడా నమ్మలేదు, ముద్ర ఉండే కాగితం చూపించమంది. ఆయన నవ్వి చూపించాడు. గూళ్ళమ్మిన ప్రతిసారీ ఇంత నా చదువుకని ముందు తీసి పెట్టే బాధ్యత నాయన నుంచి లాక్కుని తానే నెత్తిన వేసుకుంది.

అయినా చాలేది కాదు. అప్పుడు మామ మొదలుపెట్టాడు. నెలనెలా మొదటి ఆదివారం పెనుకొండనుంచి వచ్చి, మడిచిన నోట్లు అమ్మ చేతిలో పెట్టేవాడు. మూడేళ్ళు ఒక్క నెల తప్పలేదు. తన పిల్లలకు కొత్త బట్టలు లేని పండగ కూడా ఒకటి నడిచిందని తరువాత తెలిసింది. తప్పు సేయనోడు దుడ్లు ఏల తెస్తాడు పాపా అని అవ్వ నాతో గొణిగేది. మేనమామ కాకపోతే ఇంకెవరు తెస్తారే అని అమ్మ నాతో అనేది. ఒకే నోట్లు, ఒకే మనిషి, ఒకరికి అది నేరం ఒప్పుకోవడం, ఇంకొకరికి ప్రేమ. ఇద్దరి మాటలూ విని, ఇద్దరికీ తల ఊపి, నేను ఫీజు కట్టుకున్నాను. మామ నాతో మునుపటిలాగే చదువు సంగతి అడిగేవాడు, మార్కులడిగేవాడు. కళ్ళలోకి చూసి మాత్రం అడిగేవాడు కాదు.

బ్యాంకు ఉద్యోగం వచ్చి మొదటి జీతం అందుకున్నాక పెనుకొండ పోయి ఆయనకు పంచె, కండువా పెట్టాను. అత్త అన్నం వడ్డించింది. తింటున్నంతసేపూ అడగాల్సిన మాట నాలుక చివరే ఉంది. మామా, వాడు మోసగాడని నీకు ముందే తెలుసా? తెలియదంటే నమ్మగలనా, తెలుసంటే భరించగలనా అనుకుంటూ పెరుగన్నం దాకా వచ్చేశాను. చెయ్యి కడుక్కున్నాను. బస్సు దాకా వచ్చి సాగనంపాడు. ఆ తరువాతి ఏళ్ళలో అవ్వ పోయింది, అమ్మానాయనలు పోయారు, మామ పోయి కూడా కొన్నేళ్ళయింది.

బ్యాంకులో నా వెనక నన్ను అనుమానాల మేడం అనేవాళ్ళని నాకు తెలుసు. కాలేజీకి గుర్తింపు ఉందా, రసీదుమీద ముద్ర ఏది, మీరు స్వయంగా చూసి వచ్చారా అని ప్రతి తల్లినీ తండ్రినీ విసిగించాను. కొందరు తిట్టుకున్నారు, కొందరు మోసం నుంచి బయటపడ్డారు. అప్పట్లో ఆ తల్లిదండ్రుల వెనక ఎవరో ఒకరు ఉండేవారు. బల్లకు అవతల చిన్నాయనో బావో మేనమామో నిలబడి, నేను అడిగినదానికి వాళ్ళకంటే ముందు జవాబు చెప్పేవాడు, నాకు వెంటనే ఆ మనిషిమీదే అనుమానం కలిగేది. రానురాను ఆ వెనక మనుషులు కనబడకుండా పోయారు. ఇప్పుడు తల్లీ తండ్రీ ఇద్దరే వస్తారు. ఎవరు చెప్పారు ఈ కాలేజీ అంటే, ఎవరో ఫోన్ చేశారండీ అంటారు. మోసపోతే ముఖం కూడా తెలియని వాడి చేతిలో మోసపోతారు. ఫిర్యాదు రాసి, ఏడ్చి, మరిచిపోతారు. అయినవాళ్ళను అనుమానించే నరకం వాళ్ళకు లేదు, అది మేలేనని నేనే చాలాసార్లు చెప్పుకున్నాను.

కానీ ఆ ఇళ్ళకు, అంత జరిగాక కూడా, నెలకొక ఆదివారం చెప్పులు గడప బయట విడిచి, తల వంచుకుని లోపలికొచ్చి, తనను నమ్మని మనుషుల మధ్య అన్నానికి కూర్చునే మనిషి ఒక్కడూ రాడు.