వాయిదా అత్తయ్య

మా అత్తయ్య ఏ పనినైనా వాయిదా వేస్తుంది. ఇది నింద కాదు, ఆమె కూడా ఒప్పుకుంటుంది. ఎప్పుడు ఒప్పుకుంటుందని మాత్రం అడగకండి.

కుళాయి కారుతోందంటే "ఎల్లుండి చూద్దాంలే" అంటుంది. ఎల్లుండి వచ్చేసరికి కుళాయికే విసుగొచ్చి కారడం మానేస్తుంది. మామయ్యయితే, "మా పెళ్లికి మీ అత్తయ్య టైముకి వచ్చిందంటే నాకిప్పటికీ నమ్మకం కుదరదురా" అంటాడు. ఓసారి మా నాన్న నా మార్కులు చూసి, కాలేజీ మాన్పించి తన హార్డ్‌వేర్ దుకాణంలో కూర్చోబెడతానని లేచాడు. "తప్పకుండా కూర్చోబెట్టు అన్నయ్యా. వచ్చే నెల మాట్లాడుకుందాం" అంది అత్తయ్య.

ఇలాంటి మనిషిని మా వార్డు జనం పురపాలక సంఘానికి పంపారు. నేనప్పటికి ఊరి పత్రికలో విలేకరిని. కౌన్సిల్ హాల్లో విలేకరుల బెంచీ మీద కూర్చుని ఆమె ప్రతాపం కళ్లారా చూసేవాణ్ణి. అత్తయ్య కుర్చీలోంచి లేవగానే, ఇక రాయడానికేమీ ఉండదని గుమాస్తా కలానికి మూత పెట్టేసేవాడు.

ఓ ఉదయం పార్కులో నడకకెళ్లిన వైస్ చైర్మన్ వెంట నల్ల కుక్కొకటి పడింది. కరవలేదు. పరుగులో ఆయన చెప్పు ఒకటి పోయింది. వ్యాయామానికొచ్చిన ఆడవాళ్లంతా చూడటంతో పరువు కూడా పోయింది. ఆ వారమే కౌన్సిల్ ముందుకు తీర్మానం వచ్చింది: పార్కులో కుక్కలన్నిటినీ పట్టించాలి, వాటికి తిండి పెట్టి మరిగించిన తోటమాలిని తీసేసి పార్కును కాంట్రాక్టరుకు అప్పగించాలి. తోటమాలి కాపురం పార్కు గేటు పక్క గదిలోనే. ఉద్యోగం పోతే గదీ పోతుంది.

"చేతులెత్తితే అయిపోతుంది" అన్నాడు వైస్ చైర్మన్. సగం చేతులు లేచాయి. అత్తయ్య కూడా లేచింది. గుమాస్తా మూత పెట్టాడు.

"ఫ్యాను తిరగట్లేదండీ. ఈ ఉక్కలో ఎవరికి బుర్ర పనిచేస్తుంది? వచ్చే సమావేశానికి పెట్టుకుందాం."

చైర్మన్‌కూ చెమటలు కారుతున్నాయి. వాయిదా పడింది.

తరవాతి సమావేశానికి ఫ్యాను బాగైంది. అత్తయ్య మళ్లీ లేచింది.

"నల్ల కుక్క తరిమిందన్నారు. పార్కులో నల్లవి రెండున్నాయి. ఏదో తేలాలి కదండీ?"

"రెండూ వెళ్తాయి" అన్నాడు వైస్ చైర్మన్ పళ్లు నూరుతూ.

"మరి రెండోది చేసిన తప్పేంటి?"

దాని మీద చర్చ మొదలై, మధ్యలో టీ వచ్చి, కుక్క సంగతి చల్లారింది, టీ కూడా చల్లారింది. మళ్లీ వాయిదా.

నాకు ఒళ్లు మండింది. ఇంటికెళ్లి నిలదీశాను. "ఇష్టం లేకపోతే లేదని చెప్పు అత్తయ్యా. ఈ నాన్చుడేంటి? అక్కడ తోటమాలి భార్య సామాను కడుతోంది, విప్పుతోంది."

"చెబుతాలేరా, ఎల్లుండి."

మూడో సమావేశంలో ఆమె కొత్త మాట తీసింది. "చోటు చూడకుండా చెయ్యెత్తడం బాగోదండీ. అందరం ఓసారి పార్కుకెళ్లి చూసొద్దాం."

"పదండి. ఎక్కడ తరిమిందో నేనే చూపిస్తాను" అన్నాడు వైస్ చైర్మన్.

మర్నాడు పొద్దున అందరం బయల్దేరాం. ఎండా వానా లేకపోయినా వైస్ చైర్మన్ చేతిలో గొడుగు ఉంది. మలుపు దగ్గర పొద ముందు నల్ల కుక్క పడుకుని ఉంది. ఆయన గొడుగు ఎత్తాడు. కుక్క ఆయన్ని చూసి ఆవలించింది. పొద వెనకనుంచి బొద్దుగా ఉన్న కుక్కపిల్లలు దొర్లుకుంటూ వచ్చాయి. అందులో ఒకటి ఆయన బూటు లేసు పట్టుకుని వదల్లేదు.

"ఇవెక్కడివి?"

"దీని పిల్లలేనండి" అన్నాడు తోటమాలి. "ఆ రోజు తమరొచ్చేటప్పటికి వాటికి కళ్లు కూడా తెరుచుకోలేదు. ఎవరు దగ్గరికొచ్చినా ఇది తరిమేది. ఇప్పుడవి తిరుగుతున్నాయి కాబట్టి దానికా బెంగ లేదండి."

"ఆ రోజే చెప్పొచ్చుగా?"

"చెబుదామని వెనకాలే పరిగెత్తానండి. తమరు అందలేదు."

చైర్మన్‌కు ఉన్నట్టుండి దగ్గొచ్చింది. వైస్ చైర్మన్ లేసు విడిపించుకోవడానికి వంగాడు. పిల్ల లేసు వదిలి ఆయన వేలు పట్టుకుంది. ఆయన చాలాసేపు వంగే ఉన్నాడు. లేచేటప్పటికి నవ్వుతున్నాడు.

తరవాతి సమావేశంలో ఆయనే లేచి, పాత తీర్మానం వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. కుక్కలకు టీకాలు, ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించాలని, దగ్గరుండి చూసుకోవడానికి తోటమాలి ఉండాల్సిందేనని కొత్త తీర్మానం పెట్టాడు. అత్తయ్య లేచింది. గుమాస్తా అలవాటుగా మూత పెట్టేశాడు.

"ఇది మాత్రం ఇప్పుడే తేల్చేయండి" అంది.

ఆ కంగారులో గుమాస్తాకు మూత ఊడి రాలేదు. పక్కవాడి కలంతో రాసుకున్నాడు.

ఇంటికెళ్లే దారిలో అత్తయ్యను అడిగాను. "పిల్లల సంగతి నీకు ముందే తెలుసా?"

"మొదటిరోజే తోటమాలి భార్య చెప్పింది."

"మరి సభలో చెప్పలేదేం?"

"ఆ మనిషి అప్పుడున్న కోపానికి పిల్లల్ని కూడా పట్టించమనేవాడు. పిల్లలు నడిచేదాకా తల్లికి టైము కావాలి. సిగ్గు తగ్గేదాకా ఆయనకీ కావాలి. ఇద్దరికీ ఇప్పించానంతే."

నేను రోడ్డు మీదే ఆగిపోయాను. నాన్న హార్డ్‌వేర్ దుకాణం గుర్తొచ్చింది. ఆ తరవాత నా చదువు పూర్తయింది, ఉద్యోగం వచ్చింది, నా పేరుతో వార్త పడితే దుకాణానికొచ్చిన ప్రతివాడికీ నాన్నే చదివి వినిపిస్తున్నాడు. ఇన్నేళ్లూ ఈవిడని బద్ధకస్తురాలనుకున్నాను. ఒక్కసారిగా ఆమె మీద చెప్పలేనంత ప్రేమ పొంగుకొచ్చింది.

"అత్తయ్యా, నన్ను దుకాణంలో కూర్చోబెట్టే సంగతి ఏమైంది?"

అత్తయ్య నడక ఆపకుండానే, "అదా? వచ్చే నెల మాట్లాడుకుందాం అన్నాంగా" అంది.